సదాశివ బావ వాచీ

వాచీ ఆగిపోయిందని సదాశివ చెప్తే నమ్మే మనిషి ఆబిడ్స్ మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. నిజం చెప్పాలంటే ఆ ఒక్కడూ నమ్మడు, నమ్మినట్టు నటిస్తాడు, అంతే. అతని పేరు రామచందర్. జనరల్ పోస్టాఫీసు పక్క సందులో కుట్టు మిషన్లు బాగుచేసే దుకాణం అతనిది. సదాశివ అతనికి పరాయివాడేం కాదు, సొంత అక్క మొగుడు.

ఆ నటన ఎట్లా సాగుతుందో చెప్తాను వినండి. నెలకో నెలన్నరకో సదాశివ ఖైరతాబాద్‌లో మెట్రో ఎక్కుతాడు. నాంపల్లిలో దిగి, గొడుగు చంకన పెట్టుకుని, తోవలో ఎవరేం అమ్ముతున్నారో అన్నీ చూసుకుంటూ ఆబిడ్స్‌దాకా నడుస్తాడు. దుకాణం ముందు నిలబడి, చేతి వాచీ విప్పి కౌంటర్ మీద పెడతాడు. "ఏంరా రామచందర్, నువ్వు పెట్టిన వాచీ మళ్ళ ఆగింది" అంటాడు. ఆ గొంతులో ఎంత నిష్ఠూరమంటే, దేశంలో కరెంటు పోవడానికి కూడా బామ్మర్దే కారణమన్నట్టు ఉంటుంది.

రామచందర్ వాచీ అందుకోగానే సంగతి తెలిసిపోతుంది. పక్కన తిప్పే చావి బయటికి లాగి ఉంటుంది. టైము దిద్దుకోవడానికి లాగుతామే, అట్లా. సెల్లు వాచీకి చావి బయటికి లాగితే ముల్లు ఉన్నచోట నిలబడిపోతుంది, లోపలికి నొక్కితే మళ్ళీ నడుస్తుంది. ఇది బడి పిల్లలకు కూడా తెలుసు. నీటిపారుదల ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషికి తెలియదంటే ఎవరు నమ్మాలి!

రామచందర్ కౌంటర్ కిందికి వంగి, బొటనవేలితో చావిని లోపలికి నొక్కేస్తాడు. ముల్లు కదులుతుంది. అక్కడితో ఊరుకోవచ్చు కదా? ఊరుకోడు. వెనక మూత తీస్తాడు, ఉఫ్ అని ఊదుతాడు, మళ్ళీ మూత బిగిస్తాడు. "సెల్లు పోయింది బావా. ఇప్పుడొచ్చే సెల్లులన్ని డూప్లికేటే" అంటాడు.

"వాచీ కొనేటప్పుడే చూసి కొనాలె" అని సదాశివ దెప్పుతాడు.

ఈలోగా చాయ్ వస్తుంది, ఉస్మానియా బిస్కెట్లు వస్తాయి. సదాశివ స్టూలు మీద కూర్చుని, ఖైరతాబాద్ గణేశుడికి ఈసారి కర్రలు ఎంత ఎత్తు కడుతున్నారో చెప్తాడు. కూతురు మృదుల హిమాయత్‌నగర్‌లో కొత్త ఫ్లాట్‌కి మారిందని చెప్తాడు. రామచందర్ ఓ మిషన్‌కు నూనె వేస్తూ "ఔనా" అంటుంటాడు. అట్లా పూటంతా గడిచిపోతుంది. వెళ్ళేటప్పుడు సదాశివ వాచీని చెవి దగ్గర పెట్టుకుని విని, "చూద్దాం ఎన్ని రోజులు నడుస్తదో" అని ఓ మాట విసిరి పోతాడు.

పెళ్ళిలో బావకు బామ్మర్ది వాచీ పెట్టడం వాళ్ళ ఇళ్ళల్లో ఆచారం. పెట్టినవాడే దాని మంచీ చెడ్డా చూసుకోవాలన్నది సదాశివ కలుపుకున్న షరతు. సుగుణక్క బతికి ఉన్నప్పుడు ఆ వాచీ ఏ రెండు మూడేళ్ళకో ఒకసారి దుకాణానికి వచ్చేది, నిజంగానే సెల్లు అయిపోయి. అప్పుడు వాచీతో పనేముంది? దసరాకు అక్కాబావా, ఉగాదికి అక్కాబావా, మామిడికాయ తొక్కు పెట్టిన రోజున అక్కాబావా. నాంపల్లిలో రామచందర్ ఇల్లు ఆ ఇద్దరికీ రెండో ఇల్లు.

అక్క పోయింది. తర్వాత బావ ఆ గడప తొక్కలేదు. ప్రతి పండక్కీ రామచందర్ పెళ్ళాం నళిని ఫోన్ చేస్తుంది. "ఔనమ్మా, వస్త" అంటాడు, రాడు. వండిన గారెలు చల్లారిపోతాయి. అక్క మనదైతే బావ మనవాడా అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా అని రామచందర్ ఓ దసరా నాడు విస్తరి ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఓ పొద్దున సదాశివ దుకాణం ముందు ప్రత్యక్షమై, వాచీ ఆగిందన్నాడు. రామచందర్ చావి చూశాడు, బావ ముఖం చూశాడు, నోరు మూసుకుని వెనక మూత తీశాడు. అదీ మొదలు.

సరే, అసలు కథకు వద్దాం.

ముసురు పట్టిన ఓ శ్రావణమాసపు పొద్దున సదాశివ వచ్చాడు. ఎప్పటి మాటే అన్నాడు. రామచందర్ ఎప్పటిలాగే వంగి చావి నొక్కాడు. ముల్లు కదల్లేదు. మళ్ళీ లాగి నొక్కాడు. ఊహూఁ. మూత తీసి చూశాడు. చావి దిగే రంధ్రం చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉంది. పట్టదా మరి? వానాకాలంలో చావి బయటికి లాగి, దాన్నే చేతికి కట్టుకుని తిరిగితే చెమటా చెమ్మా అన్నీ ఆ సందులోంచి లోపలికే కదా పోయేది! ఈసారి నిజంగానే కొత్త సెల్లు వేశాడు. అయినా కదల్లేదు.

"ఏందిరా, ఇంతసేపు?" అన్నాడు సదాశివ.

"జర ఆగు బావా."

"కాకుంటే చెప్పు, ఫికరేం లేదు. మృదుల కొత్త వాచీ తెచ్చింది నాకు. ఎన్ని అడుగులు నడిచినమో అదే చెప్తదట. ఆ పాతదాని కోసం ప్రతిసారి ఆబిడ్స్ ఎందుకు నాయినా, మోకాళ్ళ నొప్పులతోని, అంటది. అదీ నిజమే కదా." సదాశివ ఈ మాటలు రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

రామచందర్ సెల్లు తీసి మళ్ళీ వేసి చూశాడు. వాచీ పోతే బావ పోయినట్టే. ఆ కొత్త వాచీకి చావీ ఉండదు, మూతా ఉండదు, బామ్మర్దితో పనీ ఉండదు. పండగలకు పిలిస్తే రాని మనిషిని ఇక ఏం పెట్టి రప్పించుకోవాలి?

"అయితది బావా, ఎందుకు కాదు? జర చిలుము పట్టింది, కడగాలె. ఇయ్యాల ఇడిసిపెట్టు, రేపు రా" అన్నాడు.

ఇన్నేళ్ళలో వాచీని దుకాణంలో వదిలి పొమ్మనడం ఇదే మొదటిసారి. సదాశివ ఉత్త మణికట్టును రెండో చేత్తో రుద్దుకుంటూ, చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఇక రామచందర్ పనిలోకి దిగాడు. చిలుము కడగాలంటే వాచీ లోపలి మిషన్‌ని దాని డబ్బీలోంచి బయటికి తీయాలి. తీయాలంటే ముందు చావి ఊడిరావాలి. చావికి లోపల సన్నటి కాడ ఉంటుంది, సూది కంటే కాస్త లావు. అది మిషన్ కడుపులోకి దిగి ఉంటుంది. ఆ కాడ రాకుండా మిషన్ రాదు. ఇన్నాళ్ళూ మూత తీసి ఊదడమే తప్ప అంత లోతుకు ఎన్నడూ పోలేదు అతను. భూతద్దం పెట్టి చూస్తే కాడ పక్కన గసగసం గింజంత స్క్రూ కనిపించింది. ఇదే దాన్ని పట్టుకున్నది, సందేహం లేదు.

ఇక్కడే కొంప మునిగింది. రామచందర్ పని నేర్చుకున్నది ఉస్మాన్‌గంజ్‌లో, ఓ ఉస్తాద్ దగ్గర. ఆయన కుట్టు మిషన్ల పనిలో దిట్ట, కోపిష్టి. స్క్రూ సగం తీసి సామాను గుంజితే చెంప ఛెళ్ళుమనిపించేవాడు. స్క్రూ మొత్తం తీయి, సీసా మూతలో పెట్టు, ఆ తర్వాతే సామాను ముట్టుకో. అదీ ఆయన శాస్త్రం. జీవితమంతా ఆ శాస్త్రంతోనే గడిపిన చెయ్యి రామచందర్‌ది. గసగసం గింజంత స్క్రూను కూడా ఓపిగ్గా తిప్పి తిప్పి మొత్తం బయటికి తీశాడు, సీసా మూతలో పెట్టాడు, చావి పట్టుకుని లాగాడు. కాడ వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు వచ్చింది.

మిషన్ బయటికి తీసి, పెట్రోల్‌లో ముంచిన దారప్పోగుతో చిలుమంతా తుడిచాడు. సెల్లు వేశాడు. ముల్లు ఒకసారి తడబడి, టిక్కుమని కదిలింది. మళ్ళీ టిక్కుమంది. రామచందర్ ఆనందం పట్టలేక నళినికి ఫోన్ చేశాడు.

"నళినీ! బావ వాచీ నడిచింది!"

"అది ఆగింది ఎప్పుడు?" అంది నళిని. ఆవిడకూ అన్నీ తెలుసు.

"అగో, ఈసారి నిజంగనే ఆగింది! నేనే నడిపించిన!"

ఫోన్ పెట్టేసి, మిషన్‌ని డబ్బీలో కూర్చోబెట్టి, కాడను రంధ్రంలోకి దూర్చాడు. దూరింది. చెయ్యి తీయగానే జారి కింద పడింది. మళ్ళీ దూర్చాడు, మళ్ళీ పడింది. స్క్రూ బిగించి చూశాడు, అదీ పట్టు దొరక్క ఊరికే తిరుగుతోంది. అనుమానం వచ్చి వాచీని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల ఏదో గలగలమంది. రామచందర్ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. బావ ఇన్నేళ్ళు ఆగిందని అబద్ధం చెప్పిన వాచీని తను ఒక్క పూటలో నిజంగా చంపేశాడు.

చేసేది లేక దుకాణం షట్టరు సగం దించి, వాచీని రుమాల్లో మూటగట్టుకుని, రోడ్డు అవతలి కాంప్లెక్సులో మెట్ల కింద కూర్చునే టిమోతి దగ్గరికి పోయాడు. టిమోతిది మెదక్. వాచీల పని తప్ప మరో పని ఎరగడు, మాట కాస్త కరుకు. ఆదివారం చర్చికి కట్టుకుపోయే తెల్ల చొక్కానే రోజూ వేసుకుంటాడు. వాచీ అందుకుని కంటికి అద్దం బిగించి చూసి, "ఈ స్క్రూ ఎవరు తీసిన్రు?" అన్నాడు.

"నేనే."

"మొత్తం తీసినవా?"

"మొత్తం తీయకుంటే ఎట్ల వస్తది?"

టిమోతి కంటి అద్దం తీసి అతన్ని ఎగాదిగా చూశాడు. "అన్నా, దాన్ని ఒక్క చుట్టు వదులు చేస్తే సాలు, కాడ దానంతటదే వస్తది. ఆ స్క్రూ పట్టుకున్నది కాడను గాదు, కింద ఉన్న కొక్కేన్ని. ఆ కొక్కెమే కాడను పట్టుకుంటది. మొత్తం తీస్తె కొక్కెం జారి డయల్ కింద పడ్తది. ఇగ ముళ్ళు పీకాలె, డయల్ పీకాలె, అవుతల నుంచి పని చేయాలె. ఒక్క చుట్టుతోని పోయేదానికి ఆపరేషన్ తెచ్చినవ్ గదనే!"

"మా లైన్ల స్క్రూ సగం తీస్తె చెంపదెబ్బ పడుతుండె."

"మా లైన్ల మొత్తం తీస్తె పడ్తది" అన్నాడు టిమోతి, పట్టకారు అందుకుంటూ.

అయినా మంచివాడే. చేతిలో ఉన్న పని పక్కన పెట్టి దీన్నే పట్టుకున్నాడు. ముళ్ళు ఒక్కొక్కటే తీసి కాగితం మీద వరసగా పెట్టాడు. డయల్ ఎత్తి, కింద పడున్న కొక్కేన్ని పట్టకారుతో దాని చోట నిలబెట్టాడు. చావి, కాడ రెండింటినీ చిలుము తినేసిందని, పాత సామాన్ల డబ్బాలో వెతికి, సరిపోయే కాడ ఒకటి తీసి, కొలిచి కత్తిరించి, కొత్త చావి తగిలించాడు. సాయంత్రానికి వాచీ టకటకా నడవడం మొదలుపెట్టింది.

"టిమోతీ, నీ కడుపు సల్లగుండ! నువ్వు నాకు వాచీ గాదు, మా బావనిచ్చినవ్" అన్నాడు రామచందర్.

"చావికి లోపల రబ్బరు రింగు వేసిన. నీళ్ళు పోవు, చెమట పోదు. జర గట్టిగ ఉంటది, ముసలోళ్ళ గోటికి రాదు, నా అసుంటోని తాన లాగించుకోవాలె. సెల్లు గూడ అసలుది వేసిన. మూడేండ్ల దాక దీన్ని ముట్టుకునే పనే లేదు పో!"

రామచందర్ నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. "మూడేండ్లా?"

"ఇంకా ఎక్కువనే అనుకో."

"జర తక్కువ రోజులు నడిచే సెల్లు లేదా?"

టిమోతికి తను వింటున్నది ఏమిటో అర్థం కాలేదు. "ఏమడుగుతున్నవన్నా నువ్వు? దవాఖానకొచ్చి, జ్వరం కొంచెం ఉండనీయున్రి డాక్టర్ సాబ్ అన్నట్టున్నది! నా కౌంటర్ మీద నుంచి పోయిన వాచీ ఆగుడు లేదు. తీస్కపో."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. వాచీ చస్తే బావ రాడు. వాచీ ఇంత బాగా బతికితే కూడా బావ రాడు. చావి లాగుదామన్నా గోటికి రాదు. రామచందర్ రుమాలు మూట జేబులో పెట్టుకుని, చినుకుల్లో తడుస్తూ నాంపల్లి ఇంటికి చేరాడు.

నళిని సంగతంతా విని, చిక్కుడుకాయలు ఈనె తీస్తూ మొదట కడుపు చేత్తో పట్టుకుని నవ్వింది. తర్వాత, "రమ్మని అడగొచ్చు కదా ఆయన్ని. నోరు లేదా మీకు?" అంది.

"పిలుస్తనే ఉన్నం కద, ప్రతి పండక్కి."

"పిలుస్తున్నది నేను. అదీ ఫోన్ల. ఇంటి అల్లున్ని ఎవరన్న ఫోన్ల పిలుస్తరా? మీ నాయిన ఉన్నప్పుడు కండువా భుజాన వేస్కోని, ఖైరతాబాద్ దాక పోయి, ఎదురుంగ కూసోని పిలిచి వచ్చేటోడు. మీరు ఒక్కసారన్న పోయిన్రా? మీ నోటితోని ఒక్కసారన్న 'బావా, రా' అన్నరా?"

అక్క లేని ఆ ఇంటికి పోవడం తన వల్ల కాదని, పోతే గుమ్మంలోనే ఏడుపు వస్తుందని, అందుకే పోలేదని రామచందర్‌కు తెలుసు. నళినికీ తెలుసు. ఆవిడ చిక్కుడుకాయల పళ్ళెం అతని ముందుకు జరిపింది. ఇద్దరూ కలిసి ఈనె తీశారు.

మర్నాడు సదాశివ ఎప్పటికంటే ముందే వచ్చాడు. వాన వెలిసి సందంతా ఎండ పడింది. స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపాడు. "అయ్యిందా?" అన్నాడు. గొంతులో నిష్ఠూరం లేదు, భయముంది.

"అయ్యింది బావా." రామచందర్ వాచీ ఇచ్చాడు.

సదాశివ పట్టీ బిగించుకున్నాడు. సెకన్ల ముల్లు చుట్టూ తిరగడం చూశాడు. చాయ్ వచ్చింది. బిస్కెట్ ముంచుకుని తిన్నాడు. రామచందర్ ఓ మిషన్ ముందు వంగి బాబిన్ కేసు విప్పుతున్నట్టు నటిస్తూ, కంటి కొస నుంచి చూస్తూనే ఉన్నాడు. బావ చెయ్యి మెల్లగా ఒళ్ళోకి పోయింది. బొటనవేలి గోరు చావి కిందికి పోయింది. లాగాడు. రాలేదు. చూపుడువేలు కూడా కలిపి లాగాడు. గోరు జారిపోయింది. పెద్దాయన చుట్టూ చూసి, తేలు కుట్టిన దొంగలా చాయ్ కప్పు అందుకున్నాడు.

అది చూశాక ఊరుకోవడం రామచందర్ వల్ల కాలేదు.

"గట్టిగున్నది కద బావా? కొత్త చావి. గోటికి రాదు."

సదాశివ చేతిలో కప్పు అక్కడే ఆగింది. "అంటే... నీకు ఎరుకేనా?"

"ఎరుక లేకుంట ఉంటదా? మొదటిసారే చూసిన."

"మరి ఒక్కనాడు గూడ అనలే?"

"ఎట్ల అంట? అంటే నువ్వు మళ్ళ రావు కద."

సదాశివ కాసేపు గుర్రుగా చూశాడు. ఆ తర్వాత కప్పు కింద పెట్టి, "నువ్వేం తక్కువోనివారా?" అన్నాడు. "మూత తీసుడు, ఊదుడు, మూత పెట్టుడు. ఒక్కనాడన్న సెల్లు బయటికొచ్చిందా? ఊదితే నడిచే వాచీ లోకంల ఏడన్న ఉన్నదా? నేను చూస్తలేనా? నాకు కండ్లు లెవ్వా?"

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఇందుకే అన్నారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు రామచందర్‌కు నవ్వు వచ్చింది, తర్వాత సదాశివకు. ఇద్దరు పెద్ద మనుషులు కుట్టు మిషన్ల మధ్య కూర్చుని పొట్టలు కదిలేలా నవ్వుతుంటే, సందులో పోయేవాళ్ళు ఆగి చూసి పోయారు. సదాశివ నవ్వీ నవ్వీ దగ్గాడు.

నవ్వు ఆగింది. వాచీ మాత్రం నడుస్తూనే ఉంది.

"బావా" అన్నాడు రామచందర్. "ఇగ అది ఆగదు. టిమోతి గట్టిగ చేసిండు. మూడేండ్లు నడుస్తదట. ఇగ నువ్వు రావా?" అంత వయసు వచ్చిన మనిషి చిన్నపిల్లాడిలా అడిగాడు.

సదాశివ పంచె అంచు సవరించుకున్నాడు.

"ఏమని రావాలెరా? చెప్పు. మీ ఇంటికి ఎప్పుడొచ్చినా మీ అక్క ముందర నడుస్తుండె, నేను సంచి పట్టుకోని ఎనక. తలుపు ఆమెనే కొడుతుండె. ఇప్పుడు నేనొక్కన్ని వచ్చి తలుపు కొడితే, ఎవరంటే ఏమని చెప్పాలె? అత్తామామ లేరు, ఇగ అల్లున్ని గాను. మీ అక్కే లేదు, బావనెట్లయిత? నళిని ఫోన్ చేసినప్పుడల్ల అంగీ వేసుకుంట. మెట్రో దాక పోత. మళ్ళ తిరిగొస్త. వాచీ ఆగిందంటే చెప్పుకోనీకి ఒక పని ఉంటుండె, గంతే."

రామచందర్‌కు పండగ రోజుల్లో చల్లారిపోయిన గారెలు, అంగీ వేసుకుని మెట్రో దాకా వచ్చి వెనక్కి పోయిన బావ, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చాయి. బావకు తన మీద ప్రేమ లేదనుకున్నాడు ఇన్నాళ్ళూ. చేతిలో స్క్రూలు తిప్పే పేచ్‌కస్ పక్కన పెట్టి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"బావా, మీ పెండ్లి ముందునాడు, ఎదురుకోళ్ళల్ల ఏమైందో యాదికున్నదా? నీకు వాచీ పెట్టుమని నాయిన నన్ను ముందరికి నూకిండు. నాకు మీసం గూడ సక్కగ రాలే. అందరు చూస్తుంటే చేతులు వణికినయ్, పట్టీ పడలే. అందరు నవ్విన్రు. నువ్వు నవ్వలే. 'ఫికర్ చేయకురా, నిమ్మలంగ పెట్టు' అని చెయ్యి నా చేతులల్ల పెట్టి పట్టీ పడేదాక కదలకుంట నిలబడ్డవ్."

"ఔ. శానసేపు నిలబడ్డ" అన్నాడు సదాశివ.

"అప్పటికింక అక్క బయటికే రాలే. పంతులు మీ చేతులు కలిపింది మర్నాడు. అంటే, అక్క కంటె ముందుగాల నీ చెయ్యి పట్టుకున్నది నేను. అక్క పోయింది, నిజమే. నేనున్న కద బావా. నేనేం ఇడువలే."

సదాశివ కళ్ళజోడు తీశాడు. తుడుచుకోవడానికి రుమాలు వెతుక్కుంటే దొరకలేదు. రామచందర్ తన జేబులోంచి తీసిచ్చాడు. పెద్దాయన అద్దాలు తుడిచాడు, కళ్ళు తుడిచాడు, మళ్ళీ అద్దాలు తుడిచాడు. రుమాలు తిరిగిచ్చేస్తూ, "ఇంట్ల ఏం కూర?" అన్నాడు.

"చిక్కుడుకాయ. లే, పోదాం."

"దుకాణం?"

"దుకాణం ఏడికి పోతది!"

షట్టరు దించి తాళం వేశాడు. ఇద్దరూ నాంపల్లి తోవ పట్టారు. బావ మోకాళ్ళు నొప్పి కాబట్టి మెల్లగా నడిచారు. స్టేషన్ రోడ్డు దాటాక సందు మొదట్లో సదాశివ అడుగు కాస్త తడబడింది. రామచందర్ చెయ్యి పట్టుకున్నాడు. తలుపు తనే కొట్టాడు.

నళిని తలుపు తీసి చూసింది. ఆవిడ ఏడుస్తుందేమోనని రామచందర్ భయపడ్డాడు గానీ, ఆవిడ గట్టి మనిషి. "వచ్చిన్రా అన్నయ్యా! చెప్పులు లోపల పెట్టున్రి, వానొస్తది. కాళ్ళు కడుక్కోన్రి, నీళ్ళు తెస్త" అని గబగబా లోపలికి పోయింది. ఏడ్చింది వంటింట్లోనే. బయటికి వచ్చేటప్పటికి ముఖం కడుక్కుని చెంబుతో నీళ్ళు తెచ్చింది.

చిక్కుడుకాయ కూర, పచ్చిపులుసు, అప్పటికప్పుడు వేయించిన అప్పడాలు. సదాశివ రెండుసార్లు పచ్చిపులుసు వడ్డించుకున్నాడు. "మీ వదిన జర కారం ఎక్కువ వేస్తుండె" అన్నాడు మధ్యలో. "అవును, ఆమె చేతిది తింటే కండ్లెంబడి నీళ్ళొచ్చేవి" అంది నళిని. అక్క గురించి ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి మాట్లాడుకోవడం ఆవిడ పోయాక అదే మొదలు. ఆ కారం గురించే బోలెడంత చెప్పుకుని నవ్వుకున్నారు. తిన్నాక సదాశివ మంచం మీద నడుం వాల్చి, గురక పెట్టి నిద్రపోయాడు.

పొద్దు వాలుతుంటే రామచందర్ అతన్ని మెట్రో స్టేషన్ దాకా దిగబెట్టాడు. మెట్ల దగ్గర సదాశివ గొడుగు చంకన సర్దుకుని, రెండు మెట్లెక్కి, వెనక్కి తిరిగాడు.

"వచ్చే ఆదివారం మళ్ళ వస్త రామచందర్."

"ఏం పని బావా?" దుకాణం అలవాటు కొద్దీ నోరు జారాడు రామచందర్.

"పనేం లేదు" అన్నాడు సదాశివ. "ఉత్తగనే వస్త."